అత్తగారి సత్తు గరిటె

తిలోత్తమకు ముల్లోకములలో మిక్కిలి భయంకరమైనది యేదియని యడిగినచో అది వరద గాదు, పాము గాదు, చీకటియు గాదు. ఏడాది నిండవచ్చిన తన కూతురు హైమ కుడిపాదము మరల లోపలికి మడతపడిపోవుట.

అది శ్రావణమాసము. ఎగువ కొండలపై కాలమేఘములు కడవలతో కుమ్మరించిన జలమునెల్ల దిగమ్రింగి జేగురువన్నె దాల్చిన గౌతమి అరటితోటల మొవ్వులవరకు నెగబ్రాకి కొబ్బరిమ్రాకుల మొదళ్ళను పెనవేసికొని నురుగుల నవ్వులు చిందించుచు నేరేళ్ళలంక యను చిన్నదీవిని నలుదెసల ముట్టడించి యుండెను. రేవున పడవలు కట్టువడెను. కరెంటు పోయి దినములు గడచెను. పశువులు పల్లములు విడిచి గృహస్థుల యరుగులపై బంధువులవలె కొలువుదీరెను. తిలోత్తమ భర్త వీరరాఘవులు కొబ్బరికాయలు అమ్ముటకై ఆవలి గట్టునకు బోయి అచ్చటనే చిక్కువడెను. ఇంట మిగిలినవారు తిలోత్తమయు, బిడ్డయు, అత్తగారగు మంగతాయారును మాత్రమే.

హైమ పుట్టినప్పుడు ఆమె కుడిపాదము విచ్చుకొననొల్లని మొగ్గవలె లోపలికి ముడుచుకొని యుండెను. పట్టణమునందలి వైద్యశాలలో వారమువారము సిమెంటుకట్టు మార్చిమార్చి దానిని తిన్నన జేసిరి. పిమ్మట రెండు బుల్లిజోళ్ళను ఒక సత్తు పట్టెకు చెరియొక కొనను మరమేకులతో బిగించి బిడ్డకు తొడిగి, స్నానమునకు దక్క దీనిని విప్పరాదనియు, విప్పితిరా పాదము తన పాతబుద్ధికే పోవుననియు చెప్పి పంపిరి. ఇంటివారు దానికి కమ్మిజోడని పేరు పెట్టిరి. ఇట్టి వరదకే రేవు దాటలేక తొమ్మిదవ తరగతిలో బడి మానిన తిలోత్తమకు పుస్తకములలోని పాఠములన్నియు మరపువచ్చెను గాని ఈ యొక్క పాఠము మరపురాలేదు. నిద్రలో సైతము చేయి చాపి ఆ పట్టె చల్లగా తగులువరకు ఆమె ఊపిరి పూర్తిగా విడిచెడిది కాదు.

మంగతాయారు తీరు వేరు. ఆమె ఆ లంకలో పేరుమోసిన వంటగత్తె. పెండ్లిగాని సీమంతముగాని ఆమె మూరెడు పొడవుగల సత్తు గరిటె పులుసు గంగాళములో మునుగనిదే ఎవ్వరును విస్తరి వేయరు. వలదు వలదని చేతులడ్డుపెట్టు వారికి సైతము ఇంకొక గరిటెడు వేయనిదే ఆమెకు తోచదు. అట్టి చేతికి కట్టుబాట్లు రుచింపవు గదా. మనుమరాలు లేని చంక కుండ లేని చుట్టకుదురు వంటిదని ఆమె మతము. చంకనెత్తుకొనుటకు ఆ పట్టె యడ్డము.

ఆనాటి మధ్యాహ్నము తిలోత్తమ ధాన్యపు బస్తాలను అటకమీదికి చేర్చుచుండగా ముసలామె జోళ్ళ పట్టీలు సడలించి కమ్మిజోడును అరుగుపై నుంచి పాపను చంకబెట్టుకొని "అదిగో గోదారమ్మ, అదిగో అల, నీ అయ్య ఆ గట్టున నున్నాడు చూడవే తల్లీ" యని ముద్దుగా చూపించుచుండెను. అంతలో అరుగుపై నెమరువేయుచున్న మహిషీరత్నము కుడితివాసనకు లేచి మందగమనమున వచ్చి తన గిట్టను సరిగా ఆ పట్టె నడుమనే మోపెను. టక్కుమను ధ్వనికి తిలోత్తమ అటకనుండి దిగివచ్చెను. జోళ్ళు రెండును చెక్కుచెదరలేదు. పట్టె రెండుగా విరిగి యుండెను.

మంగతాయారు దాచలేదు. "కోడలా, విప్పినది నేనే. త్రొక్కినది గేదె. దానిని తిట్టకుము, దానికి చెప్పినవారు లేరు. నాకు చెప్పితివి."

తిట్లు తిలోత్తమ నాలుక కొనవరకు వచ్చి అత్తగారి గడ్డము వణకుట చూచి వెనుకకు మరలెను. ఆమె ఫోనులో మిగిలిన కొనయూపిరితో వైద్యశాలకు మాటాడెను. అచ్చటి సహాయకురాలు శాంతముగా చెప్పెను: పడవ నడచువరకు ఊరక కూర్చుండరాదు. గట్టి సత్తు పట్టె దొరకిన పాతదాని పోలికనే బెజ్జములు వేసి బిగింపుడు. బిడ్డ భుజమునుండి భుజమునకెంతయో మడమనుండి మడమకంత. బెజ్జము మరమేకునకు బిగుతుగా నుండవలెను. అది వదులైన జోడు తిరుగును, జోడు తిరిగిన పాదము తిరుగును. ఇంతవరకు చెప్పి ఫోను కన్నుమూసెను.

పట్టె యెక్కడిది? గిన్నెల మూతలు వంకర. పైకప్పు రేకు వ్రేలితో వంగునట్టిది. తిలోత్తమ ఇల్లంతయు గాలించి ఉసూరుమని కూలబడగా మంగతాయారు వంటయింటిలోనికి బోయి తన గరిటెను తెచ్చి కోడలి యొడిలో నుంచెను. దాని కాడ వెడల్పైనది, మందమైనది, ఎన్నో గంగాళముల వేడికి వంగనిది.

"దీనిని ఉన్నదున్నట్లు బిగించిన చాలదా?" యని ముసలామె యడిగెను.

"అట్లయిన మన హైమ కాలితోనే పులుసు వడ్డించును అత్తయ్యా."

ఆ యిద్దరును నవ్విరి. ఆ దినమునకు అదియే మొదటి నవ్వు.

తిలోత్తమ ఒక నూలుపోగును బిడ్డ భుజములమీద పరచి కొలిచి ఆ పోగును కాడపై నుంచి చూడగా కాడలో కొంతభాగము గరిటెతోనే మిగులునని తేలెను. "గరిటె పొట్టిదగును గాని చావదు" అని ఆమె యూరట పలికెను. "పొట్టిదైన నాకు తగును, నేనును ఏటేట పొట్టిదాననే యగుచున్నాను" అని మంగతాయారు బదులు చెప్పెను.

నావలు బాగుచేయుచు బ్రతికి గతించిన మామగారి పెట్టెనుండి చేతితో త్రిప్పి బెజ్జములు వేయు బరమా యొకటియు, దానికి సన్నని ములికి యొకటియు, ఆకురాయి యొకటియు, రంపపుటాకు ముక్క యొకటియు వెలువడెను. తిలోత్తమ విరిగిన పట్టె కొనను కాడ కొనపై నుంచి, దాని బెజ్జములలోనుండి బిడ్డ కాటుకపుల్లను గ్రుచ్చి, కాడపై రెండు నల్లచుక్కలు పెట్టెను. దిష్టిచుక్కలవంటి ఆ చుక్కలను చూచిన ఆమెకు ధైర్యము కలిగెను. ఆ ధైర్యము ఎంతోసేపు నిలువలేదు.

ములికి మొన చుక్కపై నిలువక వేడిపెనముపై ఆవగింజవలె ఇటునటు చిందులు త్రొక్కెను. ఆమె పండ్లు బిగించి ఒడలి బరువంతయు మోపి త్రిప్పెను. లోహము వేడెక్కి మెత్తని ముద్దయై ములికికి చుట్టుకొని పెనగులాడెను. తుదకు ములికి ఒక్క కుదుపుతో ఆవలికి దూకెను. ఏర్పడిన బెజ్జము గుండ్రముగా లేదు, చింతగింజవలె సాగియుండెను. మరమేకు దానిలో చొప్పించి కదలింపగా అది ఊగెను. ఆ యూగుటలో బిడ్డ ముందుముందు నడువవలసిన నడకయంతయు ఊగినట్లు ఆమెకు తోచి కన్నుల నీరు తిరిగెను.

"నా చేతులకు చదువు లేదు అత్తయ్యా."

"చేతులకు చదువేమిటే పిచ్చిదానా? పులుసు తొందరగా కాగవలెనని మంట పెంచిన అది మాడక మానునా? నీవు బరమాను త్రిప్పుటలేదు, నీ భయమును దానిమీద కూర్చుండబెట్టుచున్నావు." ఇట్లని మంగతాయారు కొంగుతో కోడలి ముఖము తుడిచి తానును ఆ చెంతనే చతికిలబడెను. "మీ మామ మేకుతో చిన్నగంటు పెట్టనిదే ములికి మోపెడివాడు కాడు. నూనెచుక్క లేనిదే సత్తును ముట్టెడివాడు కాడు. ఆ నూనె వేయుదానను నేను. కాపురము చేసిన యన్నియేండ్లలో ఆయన నాతో ప్రియమా యన్నదానికంటె నూనె యన్నదే యెక్కువ."

తిలోత్తమ నూలుపోగును మరల తీసికొనెను. చెడిన కొనను విడిచి లోపలినుండి కొలిచినచో రెండవ కొన ఎచ్చటికి వచ్చునో ఆమె చూచెను, మరల చూచెను, పోగును సవరించి ఇంకొకసారి చూచెను. అది సరిగా గరిటె మెడకు వచ్చెను. మెడకడ కోసినచో కాడయంతయు బిడ్డకు. గరిటెకు తల దప్ప మిగులునది లేదు.

"అత్తయ్యా, ఇక గరిటె దక్కదు."

ముసలామె కొంతసేపు ఆ గరిటె తలను అరచేతితో నిమిరెను. అది ఎన్ని పెండ్లిపందిళ్ళను, ఎన్ని నామకరణములను, తన నడుము నిటారుగా నున్న ఎన్ని యేండ్లను చూచెనో ఆమెకే తెలియును. "కోయుము. అందరికిని ఇంకొక గరిటెడు వేసెడిదానను గదా, మనుమరాలికి గరిటెనే వేసితిని."

అంతట ఆ యిరువురును పనికి కూర్చుండిరి. పాప చేతికందని దూరమున మంచపుకోటికి పాతచీరతో కట్టువడి చెంచాతో నేలను బాదుచుండెను. కాడను పాతపీటపై నుంచి మంగతాయారు పగుళ్ళువారిన తన రెండు పాదములతో అదిమి పట్టెను. తిలోత్తమ కాటుకచుక్కపై మేకు నిలిపి పచ్చడిబండతో ఒక్క దెబ్బ కొట్టి ములికి జారకుండ గుంట చేసెను. ముసలామె పాప తలకు రాయు కొబ్బరినూనె బుడ్డిని వంచి చుక్క వేసెను. బరమా తిరిగెను. ఈసారి ఆమె నొక్కలేదు. కొంత త్రిప్పి పైకి తీసి తుడిచి, నూనె యడిగి, మరల త్రిప్పెను. వెండి వెంట్రుకలవంటి సన్నని చుట్టలు బెజ్జమునుండి మెల్లమెల్లగా వెలువడసాగెను. వానిని ఊదక తడిగుడ్డతో నొత్తి ఒక డబ్బాలో వేసి మూత బిగించుచుండెను, పాపకు నేలమీది దేదియైనను నోటిలోనికే పోవలసినది కావున.

"నూనె" యని తిలోత్తమ యనినప్పుడెల్ల ముసలామె పెదవులు లోలోపల నవ్వుకొనుచుండెను. ఒకసారి కోడలు అడుగక మునుపే వేసి "ఏమే, నీవును ఆయనవలెనే గొణుగుచున్నావు" అనెను.

బెజ్జము మరమేకుకంటె ఇంచుక ఇరుకుగనే పడెను. తిలోత్తమ ఆకురాయి తోకను దానిలో నుంచి చెవిలో దూదివలె మెల్లగా త్రిప్పి త్రిప్పి, మరమేకు కిర్రుమని పట్టుదలతో దూరునంతవరకు మాత్రమే పెంచెను. అది కదలలేదు. ఆ కిర్రుమను సన్నని సవ్వడికి ఆమె గుండె మంగళవాద్యము విన్నట్లు పొంగెను. తక్కిన బెజ్జములు ఒకదాని వెనుక నొకటిగా వచ్చెను. రంపపుటాకునకు గుడ్డచుట్టి ఆమె గరిటె మెడను కోయుచుండగా మంగతాయారు ఏటివంక చూచుచుండెను. అంచులు అరగదీసి తిలోత్తమ మొదట తన మణికట్టుపై రాచుకొని చూచెను. అది చాలక ముసలామె పట్టెను తీసికొని చెక్కిలిపై రాచుకొని "బిడ్డ బుగ్గకంటె నున్నన" యని తీర్పు చెప్పెను.

జోళ్ళు బిగిసెను. విరిగినదానిలో ఏ కోణమున నుండెనో అదే కోణమున నిలిచెను. తొడిగిన వెంటనే హైమ కోపముతో కాళ్ళు రెండును ఎత్తి పట్టెతో పీటను ఠంగున కొట్టెను. ఆ ధ్వని పూర్వపు పట్టెకు లేదు, పెండ్లిలో గంగాళపు అంచున గరిటె తగిలినట్టి ధ్వని అది. ఆ నాదము నచ్చిన బిడ్డ కోపము మరచి మరల కొట్టెను. ఆ సాయంకాలమంతయు నేరేళ్ళలంకలో వంటలు లేని పెండ్లి జరిగెను.

అప్పటినుండి మంగతాయారు పట్టీలు విప్పలేదు. బిడ్డను ముందువైపునకు త్రిప్పి రెండుచేతుల నడుమ కూర్చుండబెట్టి పట్టె తన ముంజేతులపై వ్రాలునట్లు ఎత్తుకొను ఉపాయమును ఆమె స్వయముగా కనిపెట్టెను. చంక ఖాళీయే గాని గోదావరి ఇద్దరికిని ఎదుటనే కనబడుచుండెను.

ఏటి వరద తీయుచుండగా శ్రావణ బహుళాష్టమి వచ్చెను. ఏటేట ముసలామె బియ్యపుపిండిలో పిడికిలి అద్ది గుమ్మమునుండి దేవుని పీటవరకు బాలకృష్ణుని యడుగులు వేయుట ఆ యింటి యాచారము. ఆనాడు స్నానమునకై కమ్మిజోడు విప్పిన వేళ ఆమె పిండిపళ్ళెము తెచ్చి "పిడికిలి యెందుకు, ఇంట పాదములుండగా?" అనెను. ఇన్నినాళ్ళు జోడులో దాగిన పాదము నేలపై నిజము చెప్పును గదా. తిలోత్తమ బిడ్డను ఎత్తిపట్టి ఎడమపాదమును అద్ది గడపలోపల నుంచెను. కుడిపాదమును ఉంచునప్పుడు కన్నులు మూసికొనెను.

"చూడవే" యని అత్తగారు మెల్లగా పలికెను.

తెల్లని యడుగులు రెండు. ఎడమది ఎటు చూచుచుండెనో కుడిదియు అటే చూచుచుండెను, దేవుని పీటవైపునకు, తిన్నగా. తిలోత్తమ పిండి కడిగి తుడిచి వెంటనే జోళ్ళు తొడిగి పట్టీలు బిగించి, బిగిసినవో లేదో మరల తడిమి చూచెను. మంగతాయారు ఆ యడుగుల చుట్టును సన్నని ముగ్గుగీత వేసి ఎవ్వరును త్రొక్కరాదని కట్టడి చేసెను. ఆ కట్టడి గేదెకును చెప్పెను.

పడవలు నడచిన పిమ్మట వైద్యశాలవారు పాదమును పరీక్షించి చెడలేదని చెప్పి క్రొత్తపట్టె నిచ్చిరి. పాతదానిని అత్తగారు అడిగి తెచ్చుకొనెను. నేడు ఆ కాడ దేవుని గూటిచెంత మేకునకు వ్రేలాడుచున్నది. గరిటె తల బియ్యపు డబ్బాలో నున్నది, ముసలామె దానితోనే బియ్యము తీయును, తీసిన పిదప ఇంకొకమారు ముంచును.

చదువరులారా, మీ వీధిలోనో మీ పొరుగూరిలోనో కాళ్ళకు కమ్మిజోడు తొడిగిన బిడ్డ యొకతె యుండవచ్చును. తల్లి పనిలో మునిగియుండు మధ్యాహ్నవేళ, వీలు చేసికొని ఒకమారు ఆ యింటికి పోవుడు. బిడ్డకంటె ముందు ఆ బిడ్డచెంతనున్న ముసలమ్మను పలుకరింపుడు. పట్టీలు సడలియున్నచో కోపపడక మీ చేతులతో బిగించి, చంక ఖాళీయై ఆమె యెట్లున్నదో కొంతసేపు కూర్చుండి చూచి రండు.