అరవై మూడు నుంచి మొదలు

పిన్ని ఎంటర్ కొట్టిన చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. టక, టక, టక, టక. మూడోసారి కొట్టినప్పుడు తెర మీద 2048 అనే అంకె కనబడింది. నా డైరీలో మాత్రం అదే చోట 63 అని ఉంది.

నేను నోరు విప్పలేదు.

అది జరిగింది ఒక కళ్ల ఆసుపత్రిలో. పిన్ని అక్కడ కంప్యూటర్లు చూసుకుంటుంది. పదో తరగతి అయిపోయి, కాలేజీ కోసం మా పల్లె వదిలి పిన్ని ఇంటికి వచ్చి మూడు వారాలయింది. కాలేజీ తెరిచేదాకా ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తానని పిన్ని రోజూ తనతో తీసుకెళ్లేది. ఉలుకూ పలుకూ లేకుండా తిరుగుతానని నన్ను పిల్లి అని పిలిచేది. సర్వర్ గదిలో మూలనున్న స్టూలు మీద కూర్చుని నేను డైరీ రాసుకునేదాన్ని. ఆ గది ఒకప్పుడు కళ్లజోళ్ల ఫ్రేములు పెట్టుకునే కొట్టుగది. వాటిని తగిలించిన కొక్కేలు ఇప్పటికీ గోడకున్నాయి. లేచినప్పుడల్లా ఏదో ఒకటి నా జడను పట్టుకునేది.

ఆ సర్వర్ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. అందులో పదకొండేళ్ల కంటి ఫొటోలున్నాయి. రోగి వచ్చిన ప్రతిసారీ కంటి వెనకభాగాన్ని ఫొటో తీస్తారు. డాక్టరమ్మ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, జబ్బు ముదిరిందో ఆగిందో చెబుతుంది. పాతది లేకపోతే కొత్తది ఎంత బాగా వచ్చినా సగం మాటే.

ముందురోజు పాత డిస్కు గడియారంలా టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. పిన్ని ఉన్నదున్నట్టుగా దాన్ని ఒక పెద్ద కొత్త డిస్కులోకి కాపీ చేసింది. కాపీ అయ్యేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత పాతది గొంతు మూసుకుంది. ఇక లోకంలో ఆ ఫొటోలున్నది కొత్త డిస్కులో ఒక్కచోటే. ఇంకో కాపీ తీయడానికి తెప్పించిన డిస్కు మర్నాడు వస్తుంది. కొత్త డిస్కులో చోటు పెంచే పని అప్పటిదాకా ఆపుదామని పిన్ని అంది. కానీ కొత్త ఫొటో ఒక్కటి కూడా పట్టడం లేదు, హాలు నిండా రోగులున్నారు, ఈ పొద్దే చేసేయమని డాక్టరమ్మ అంది.

డిస్కు పెద్దదే అయినా అందులో ఫొటోలున్న భాగం పాత కొలతతోనే ఉంది. నాకు అర్థమైనంతలో అది చేను లాంటిది. పక్కన ఎంత బీడు ఉన్నా గట్టు పాతచోటే ఉంది. ముందు గట్టును అవతలికి జరపాలి, తర్వాత కొత్తగా కలిసిన నేలను దున్నాలి. గట్టు జరపడమంటే నిజంగా జరపడం కాదు. పాత కొలతలు చెరిపేసి, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అని మళ్లీ రాయడం. ఆఖరు మారవచ్చు. మొదలు మాత్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు. డబ్ల్యూ అక్షరం కొట్టేదాకా ఏదీ ఖాయం కాదని కూడా పిన్నే చెప్పింది.

పాత కొలతలు తెర మీదకు రాగానే నేను డైరీలో దించుకున్నాను. ఎవరూ రాయమనలేదు. మా బళ్లో లెక్కల మాస్టారు కుడిచేత్తో బోర్డు మీద రాస్తూనే ఎడంచేత్తో వెనకాల చెరిపేసుకుంటూ వెళ్లేవారు. ఆయన దగ్గర ఐదేళ్లు చదివినవాళ్లకి, కనబడిందల్లా చెరిగిపోయేలోపు రాసుకోవడం జబ్బులా పట్టుకుంటుంది. పిన్ని కూడా అలాంటిదే. ఒక పని కాగానే తెరంతా ఖాళీ చేసేస్తుంది. ఇల్లయినా తెరయినా శుభ్రంగా ఉండాలంటుంది.

తెర మీద ఆ 2048 చూసినప్పుడు చెబుదామనే అనుకున్నాను. పిన్నికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. తప్పయితే నవ్వుతుందనుకున్నాను. ఇన్ని అనుకునేసరికి డబ్ల్యూ కొట్టేసింది, తెర ఖాళీ చేసేసింది. నా స్టూలు కాలు నేలకేసి టకటకా కొట్టుకుంటోంది. అది ఆడిస్తున్నది నేనేనని కాసేపటికిగానీ తెలియలేదు.

తర్వాత పిన్ని ఫైళ్లన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూసే ప్రోగ్రామ్ నడిపింది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫైల్ సిస్టమే ఇక్కడ కనబడటం లేదని అది జవాబిచ్చింది. పిన్ని మళ్లీ నడిపింది. మళ్లీ అదే జవాబు. అరచేతులు చున్నీకి తుడుచుకుంది. పాత డిస్కుకు కరెంటిచ్చి, పసిపిల్ల గుండెకు చెవి ఆనించినట్టు ఆనించి విన్నది. చప్పుడు లేదు.

డాక్టరమ్మ తలుపు తీసి ఎంతసేపని అడిగింది.

"పది నిమిషాలు మేడమ్," అంది పిన్ని, వెనక్కి తిరగకుండా.

పోయిన మొదలును వెతికే ప్రోగ్రామ్ ఒకటి ఉందట, కానీ అంత పెద్ద డిస్కును గాలించడానికి సాయంత్రం దాటుతుందట. ఆ మాట నాతో అనలేదు, గోడతో అంది. తర్వాత నావైపు చూసి, హాల్లో మొదటి కుర్చీలో ఉన్న దర్జీ ఆవిడకి ఇంకాస్త ఆలస్యమవుతుందని చెప్పి రమ్మంది.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. హాల్లో అందరి కళ్లలోనూ మందు వేసి ఉంది. ఎవరికీ నేను సరిగ్గా కనబడనన్న ధైర్యంతో వెళ్లాను. దర్జీ ఆవిడ నా గొంతు వచ్చినవైపు తల తిప్పింది.

"చుక్కలేసి ముప్పావుగంటయింది తల్లీ. పట్టపగలే చుక్కలు చూపిస్తున్నారు," అంది. పక్కవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని చిన్నగా అడిగింది. "పోయినసారి ఫొటో పక్కన పెట్టి చూస్తేనే ఇవాళ కంట్లో సూది వెయ్యాలో వద్దో తెలుస్తుందంది డాక్టరమ్మ. ఆ ఫొటో ఉంది కదా?"

ఆవిడ చూపుడువేలు కొసన సూది గుచ్చుకున్న మచ్చలు బోలెడు. నేను తల ఊపాను. ఆవిడకి కనబడదని గుర్తొచ్చి, "ఉంది," అన్నాను. అది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

గదిలోకి తిరిగి వచ్చాను. కొక్కెం జడను పట్టుకుంది. విడిపించుకోకుండానే నిలబడి, మొదలు అంకె అరవై మూడు పిన్నీ అన్నాను.

పిన్ని చేతులు కీబోర్డు మీద ఆగాయి. అలా ఎందుకుంటుంది, ఈ మధ్య తను పెట్టిన యంత్రాలన్నిట్లో మొదలు 2048 దగ్గరే కదా అంది. అనేసి తనే ఆగిపోయింది. ఈ డిస్కులోకి దిగిన కొలతలు తను పెట్టినవి కావు. పదకొండేళ్ల కిందట ఎవరో పాత పద్ధతిలో పెట్టినవి.

"నీకెలా తెలుసు?"

"రాసుకున్నాను."

"నోటిమాట నమ్మి రెండోసారి కొలతలు రాయలేనే పిల్లీ. ఏదీ, చూపించు."

డైరీ తెరిచి, పేజీ పైభాగం మీద అరచెయ్యి అడ్డం పెట్టి ముందుకు చాపాను. అంకెల పైన పొద్దున రాసిన మూడు వాక్యాలున్నాయి. ఆ పొద్దున బస్సుకోసం నిలబడ్డప్పుడు, మా పిల్లికి నోట్లో నాలుక లేదని పిన్ని పక్కింటావిడతో చెప్పి నవ్వింది. దానికి నేను రాసుకున్నది ఇది: పిన్ని నవ్వితే పళ్లు మాత్రమే నవ్వుతాయి. తప్పు తనదైనా చచ్చినా ఒప్పుకోదు. నాకు కాలేజీ వద్దు, అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను.

"చెయ్యి తియ్యి. వరస మొత్తం కావాలి. ఏ డిస్కుదో, ఏ తేదీదో చూడాలి," అంది పిన్ని.

తేదీ పేజీ పైనే ఉంది. బయట ఎవరో కుర్చీ లాగారు. దర్జీ ఆవిడ దగ్గు వినబడింది. నేను చెయ్యి తీసేశాను.

పిన్ని కళ్లు పేజీ పైనుంచి కిందికి దిగాయి. ఒకచోట ఆగాయి, మళ్లీ కదిలాయి. డైరీని మడవకుండా కీబోర్డు పక్కన పెట్టుకుని 63 అని కొట్టింది. ఆ అంకె కుదరదంది కొలతలు రాసే ప్రోగ్రామ్. పిన్ని గోరు కొరుక్కుంది. తర్వాత ఆ ప్రోగ్రామ్‌నే పాత పద్ధతిలో నడిచేలా మళ్లీ తెరిచి 63 కొట్టింది.

ఈసారి తీసుకుంది. తీసుకుని ఒక ప్రశ్న వేసింది. ఇక్కడ పాత ఫైల్ సిస్టమ్ గుర్తు ఒకటి ఉంది, తుడిచేయమంటారా?

ఇందాక ఈ ప్రశ్న రాలేదు. ఇందాక మేం వేరేచోట తవ్వుతున్నాం. పిన్ని వేలు కీబోర్డు మీద అలాగే నిలిచింది. "చూస్తున్నావా," అంది. వద్దు అని కొట్టి, ఒక్కో అక్షరం పైకి చదివాక డబ్ల్యూ కొట్టింది.

ఫైళ్లు సవ్యంగా ఉన్నాయి. ఆ తర్వాత కొత్త నేల దున్నడానికి పట్టింది కొద్ది నిమిషాలే, కానీ అంతసేపూ ఇద్దరం నిలబడే ఉన్నాం. దర్జీ ఆవిడ పాత ఫొటో తెర మీద తెరుచుకుంది. నారింజరంగు గుండ్రం, మధ్యలో చిన్న మచ్చ. డాక్టరమ్మ వచ్చి అప్పుడే తీసిన కొత్తదాన్ని పక్కన పెట్టి, మచ్చ కాస్త పెరిగింది, సూది ఇవాళే వెయ్యాలి, పాతది చూడకపోతే పొరపాటయ్యేదని అంది. ఇంత ఆలస్యమెందుకయిందని పిన్నిని అడిగింది.

నేను నేలను చూస్తూ నిలబడ్డాను.

"తప్పు నాదే మేడమ్. మొదలు అంకె చూడకుండా కొట్టేశాను. మా అమ్మాయి రాసి పెట్టుకోబట్టి బయటపడ్డాం. రేపు రెండో కాపీ తీసేదాకా ఇక దీన్ని ముట్టుకోను," అంది పిన్ని.

డాక్టరమ్మ వెళ్లిపోయాక డైరీ నా చేతికొచ్చింది. ఆ మూడు వాక్యాలూ కనబడకుండా చేద్దామని పెన్ను మూత తీశాను.

"కొట్టేయకు," అంది పిన్ని, తెరవైపే చూస్తూ. "రాసింది రాసినట్టుండనీ. దాని కింద కొత్త కొలతలు రాసుకో. చెబుతున్నా. మొదలు అరవై మూడు."

రాశాను. ఆఖరు అంకెలో పది స్థానాలున్నాయి. పిన్ని ఒక్కొక్కటీ ఆగి ఆగి చెబుతోంది. ఆ గొంతులో నవ్వుందేమోనని ఒకటే అనుమానం. తలెత్తి చూడాలనిపించింది. ఇంకా నాలుగు అంకెలు మిగిలే ఉన్నాయి.