గుట్టకని చెప్పి

పెళ్లయిన మొగుడూ పెళ్లాలు రెండు రోజులు ఎక్కడికైనా పోయి హాయిగా ఉండి రావడానికి దేవుడి పేరు చెప్పడం ఎందుకు అని మీరు అడగొచ్చు. మీ ఇంట్లో పడగ్గదికి గడియ పడుతుందేమో, అందుకే అడుగుతారు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో రాఘవేందర్ వాళ్లింట్లో పడదు. వానలకు ఉబ్బిన తలుపు సగం దాకా వచ్చి మొరాయిస్తుంది. దానికి అవతల, హాల్లో, దివాన్ మీద రాఘవేందర్ తల్లి స్వరాజ్యం పడుకుంటుంది. అందుకని కోడలు అనుపమ యాదగిరిగుట్ట పేరు చెప్పింది. దేవుడి దగ్గరికి అంటే ఎందుకని ఎవరూ అడగరు కదా!

"అత్తమ్మా, శనివారం మేమిద్దరం గుట్టకు పోయొస్తం. రాత్రి ఆడనే ఉండి ఆదివారం వస్తం" అంది, అన్నం వడ్డిస్తూ, ఆమె మొహం వైపు చూడకుండా.

స్వరాజ్యం కలుపుతున్న ముద్ద కలుపుతున్నట్టే ఆపింది. "మీరిద్దరేనా?"

"ఆఁ, ఇద్దరమే."

"ఎవరనుకున్నరు? నువ్వా, వాడా?"

"ఇద్దరం" అంది అనుపమ. ఇంత ఆరా ఎందుకు తీస్తోందో అర్థం కాలేదు.

స్వరాజ్యం దేవుడి గూటి వైపు చూసింది. అక్కడ పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి ఉంటుంది. దేనికి కట్టిందో అనుపమ ఎన్నడూ అడగలేదు. రాఘవేందర్‌కు చిన్నప్పుడు కామెర్లు వచ్చినప్పటి మొక్కు ఏదో మిగిలిపోయిందని ఇంట్లో ఒక మాట ఉండేది, అదే అయి ఉంటుందనుకుంది. "అయితే మంచిగైంది. మొక్కున్నది. ముడుపు తీస్కపోండ్రి. రాఘవకు గుండు చేయించుకోని రాండ్రి" అంది అత్తగారు తీరిగ్గా.

రాఘవేందర్‌కు పొలమారింది. అనుపమ నీళ్ల గ్లాసు అందించింది. వాళ్లు పోయేది గుట్టకు కాదు. గుట్ట తూర్పున ఉంటే వాళ్లు పడమరకు, వికారాబాద్ దగ్గర మామిడితోటలో ఉన్న ఒక పెంకుటింటికి పోతున్నారు.

ఆ పెంకుటిల్లు సంగతి చెప్పింది భానుశ్రీ. పంజాగుట్టలో అనుపమ పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసులో పక్క సీటు. రాజమండ్రి పిల్ల, నోరు మంచిదే గాని ఊరుకోదు. "ఏంటి అనుపమా, పెళ్లయ్యాక మీరిద్దరూ ఒక్కసారి కూడా ఎక్కడికీ వెళ్లలేదా? అసలు మనుషులేనా మీరు? మేం వెళ్లొచ్చాం. వరండాలో ఊగుడు బల్ల, రాత్రిళ్లు లాంతర్లు, పొద్దున్నే వేడి వేడి జొన్నరొట్టె. ఫోన్ మోగదు, తలుపు ఎవరూ కొట్టరు. ఆ తలుపులకి గడియలున్నాయమ్మా!" అని నవ్వింది. అనుపమకు నవ్వు రాలేదు. గడియ అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఎందుకంటే తమ ఇంట్లో ఈ మొగుడూ పెళ్లాలు మొదట్లో గుసగుసగా మాట్లాడుకునేవాళ్లు. తర్వాత పక్కపక్కనే పడుకుని ఫోన్లో మెసేజ్‌లు పెట్టుకునేవాళ్లు. ఆ తర్వాత అవీ పోయాయి. రాఘవేందర్ మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాడు. తెల్లవారక ముందే ఒక బ్యాచ్, చీకటి పడ్డాక ఇంకొకటి. వందమంది ముందు మైకులో గొంతు చించుకునే మనిషి ఇంటికొస్తే "పాలు తేవాల్నా?" అంటాడు, అంతే. కోపమా అంటే కోపం కాదు. కోపమైనా బాగుండు అనుకునేది అనుపమ.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. అది రాఘవేందర్‌కు తెలియదు. అనుపమను పుణె ఆఫీసుకు పొమ్మంటున్నారు, పెద్ద పోస్టు. సోమవారానికల్లా ఏదో ఒక మాట చెప్పాలి. మామూలుగా ఉన్న కాపురమైతే ఆ రాత్రే మొగుడికి చెప్పుకునేది. ఈ ఇంట్లో చెప్పడానికి చోటు లేదు, చెప్పినా "నీ ఇష్టం" అంటాడేమోనని భయం. ఆ రెండు మాటలూ అతని నోట వింటే తట్టుకోలేదు. అందుకే ఆ మామిడితోట దాకా దాచి ఉంచింది. అక్కడ ఇతను తనతో మాట్లాడితే ఉంటుంది. అక్కడా గోడ వైపు తిరిగి పడుకుంటే సోమవారం సరే అనేస్తుంది. పుణె పోయాక తిరిగి రావడమంటూ ఉండదని ఆమెకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర రాఘవేందర్ ఆమె కోసం నిలబడి ఉన్నాడు. ఎన్నడూ రాని మనిషి వచ్చాడంటేనే ఏదో అయిందన్నమాట.

"అనూ, క్యాన్సిల్ చేద్దామా?"

ఇది మొదటిసారి కాదు. ఒకసారి డెమో క్లాసని ఆగిపోయారు. ఇంకోసారి ఊరి నుంచి మంగవ్వ వస్తోందని ఆగారు. మంగవ్వ స్వరాజ్యానికి చెల్లెలి వరస.

"ఎందుకు?"

"దేవుని పేరు మీద అబద్ధం. పైనుంచి గుండు. నాకైతే మస్తు భయమైతుంది."

"భయం దేవునిదా, అత్తమ్మదా?"

జనం వాళ్లను రాసుకుంటూ మెట్లెక్కుతున్నారు. రష్ ఎక్కువుంది, గుండు కుదరలేదని చెబుదామా అనుకున్నారు. అలా చెబితే వచ్చే వారం నేనూ వస్తా పదండి అంటుంది స్వరాజ్యం. ఏ దారీ లేదు.

"నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత" అంది అనుపమ చివరికి. ఒక్కతే పోయి ఆ ఊగుడు బల్ల మీద కూర్చుని ఏం చేస్తుంది పాపం! కానీ అంత మాట అనకపోతే అక్కడే ఏడ్చేసేది.

అతను తన జుట్టులోకి వేళ్లు పోనిచ్చాడు. ఒత్తయిన ఉంగరాల జుట్టు. పెళ్లిచూపుల్లో ఆమె తలెత్తి చూసింది ముందు దాన్నే. "పంజాగుట్టల ఏదన్న సెలూన్ల చేయించుకుంట. గుండు గుండే కదా" అన్నాడు నీరసంగా. ఒప్పుకున్నాడని సంతోషించాలో, ఇంత ఏడుపుమొహంతో వచ్చేవాడితో పోయి ఏం లాభమని దిగులు పడాలో ఆమెకు తెలియలేదు.

శనివారం పొద్దున్నే స్వరాజ్యం పులిహోర కట్టిచ్చింది. ముడుపు కళ్లకద్దుకుని కోడలి చేతిలో పెట్టింది. చిన్న డబ్బా ఒకటి కూడా ఇచ్చింది. "గంధం అరగదీసిన బిడ్డా. గుండైనంక నెత్తి మండుతది. నువ్వే రాయి." అనుపమ ముడుపును బ్యాగులో వేసుకుంది. నిప్పుకణిక వేసుకున్నట్టే ఉంది.

స్వరాజ్యం బాల్కనీలో నిలబడి చూస్తుంది. గుట్టకు పోయేవాళ్ల ఆటో బేగంపేట వైపు తిరగాలి, పంజాగుట్ట వైపు తిరిగిందంటే కొంప మునిగినట్టే. అందుకని వాళ్లు బుద్ధిగా బేగంపేట దాకా పోయి, అక్కడ ఆటో మార్చి, మళ్లీ పంజాగుట్టకు వచ్చారు. కారు అక్కడికి రమ్మన్నారు. దొంగతనం చేసినవాళ్లకు కూడా ఇంత తిరుగుడు ఉండదు. ఆటోలో ఎవరు కనిపించినా అనుపమకు అత్తగారికి తెలిసినవాళ్లే అనిపించింది. రాఘవేందర్ బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఈ ప్రయాణం పాడైపోయింది, ఇక అంతా అయిపోయింది అనుకుంది ఆమె.

సెలూన్ హనుమాండ్లు అప్పుడే షట్టర్ ఎత్తి అద్దానికి దండం పెట్టుకుంటున్నాడు. "మొక్కు గుండా అన్నా, ఫ్యాషన్ గుండా?"

"మొక్కే" అన్నాడు రాఘవేందర్.

"మొక్కైతే గుట్టకో వేములాడకో పోవాలె గదా. ఈడెందుకు?"

"నువ్వు కొట్టన్నా జర" అన్నాడు రాఘవేందర్. మొహం కందిపోయింది. హనుమాండ్లు ఇంకేం అనలేదు. తల తడిపి, కత్తిలో కొత్త బ్లేడు వేసి, నడినెత్తి మీద నుంచి ముందుకు ఒక్క లాగు లాగాడు. ఉంగరాల జుట్టు తెల్లగుడ్డ మీద పడింది. అద్దంలో నడుమ తెల్లగా, రెండు పక్కలా నల్లగా ఉన్న మొగుణ్ని చూసి అనుపమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన కోసమే కదా ఈ అవతారం!

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. స్వరాజ్యం. రాఘవేందర్ చేతులు గుడ్డ కింద ఉన్నాయి. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేస్తుంది. అనుపమ స్పీకర్ పెట్టి అతని మొహం ముందు పట్టుకుంది.

"యాడిదాక పోయిండ్రు బిడ్డా? ఉప్పల్ దాటిండ్రా?"

రాఘవేందర్ నోరు తెరిచాడు. "ఆఁ... అదీ..."

"కోడలు పిల్లకు నీళ్లు తాగిపియ్యి, ఎండ కొడుతుంది. ముడుపు నువ్వొక్కనివే ఎయ్యకు. ఇద్దరు చెయ్యివెట్టి హుండీల ఎయ్యాలె. మర్చిపోకు."

రాఘవేందర్ అద్దంలోంచి అనుపమ వైపు చూశాడు. ఇప్పుడు అబద్ధం చెబుతాడు, మామిడితోటలో ఆ అబద్ధాన్నే తలుచుకుని కుమిలిపోతాడు, నా మొహం కూడా చూడడు అనుకుంది ఆమె.

"అమ్మా, మేం గుట్టకు పోతలేం" అన్నాడు.

హనుమాండ్లు కత్తి పైకెత్తి అట్లాగే నిలబడ్డాడు.

"వికారాబాద్ దిక్కు పోతున్నం. దేవుని కోసం కాదు. ఊకెనే. నాకు అనుతోని రెండు దినాలు ఉండాలనిపించింది. మాట్లాడి ఎన్ని దినాలైందో నాకే యాది లేదు. ఇంట్ల అయితలేదమ్మా. నీకు చెప్పనీకి సిగ్గై గుట్టకని చెప్పినం. తప్పు నాదే, ఆమెది కాదు."

అవతల నుంచి చప్పుడు లేదు. కుక్కర్ విజిల్ ఒకటి వినిపించింది, అంతే. అనుపమ, అత్తగారు ఫోన్ పెట్టేసిందా అని చూసింది. పెట్టలేదు.

"అది నీ కామెర్ల మొక్కు కాదురా" అంది స్వరాజ్యం. గొంతు మారింది. "అది ఎప్పుడో మీ నాయన ఉన్నప్పుడే తీర్సినం. ఇది పోయిన కార్తీకంల మొక్కింది."

"దేనికి?"

"తలుపవతల పంటది, ముసల్దానికి అన్నీ ఇనవడుతయని మీరు భయపడుతున్నరు. అరేయ్, ఏం ఇనవడకనే నాకు ఫికరైంది. నవ్వు లేదు, కొట్లాట సుత లేదు. ఇంట్ల ఇద్దరు పడుచోళ్లున్నరా లేరా అనిపిచ్చేది. నేనేమో యాడికి పోయి పండాలె? మంగవ్వ ఇంటికి పోత అంటే నువ్వే వద్దంటివి. ఇగ దేవునికే చెప్పిన. ఈళ్లిద్దరు ఈళ్లంతట ఈళ్లే అనుకోని కలిసి గడప దాటితే, నా కొడుకు నెత్తి ఎంట్రుకలు నీకిస్త అన్న."

రాఘవేందర్ కళ్లు తుడుచుకోబోయాడు. చేతులు గుడ్డ కింద చిక్కుకున్నాయి. అనుపమ తన చున్నీతో తుడిచింది.

"గడపైతే దాటిండ్రు గదా. యాడికి పోతేంది ఇగ? గుండు మాత్రం ఆపకు. ఎంట్రుకలు కవర్ల ఏసి తీస్కరా, నేనూ మంగవ్వ గుట్టకు పోయి ఇచ్చొస్తం. ముడుపు జాగ్రత్త. అనుపమా, గంధం రాసుడు మర్చిపోకు బిడ్డా" అని పెట్టేసింది.

హనుమాండ్లు గొంతు సవరించుకున్నాడు. "మరి కొట్టాల్నా అన్నా?"

"కొట్టు" అన్నాడు రాఘవేందర్.

అనుపమ కింద కూర్చుని ఒక్క ఉంగరం కూడా వదలకుండా జుట్టంతా కవర్లోకి ఎత్తి మూతి కట్టింది.

పంజాగుట్ట కూడలి దాటాక కారులో డబ్బా మూత తీసింది. రాఘవేందర్ తల వంచాడు. గంధం చల్లగా తగలగానే "అబ్బ" అన్నాడు. గుండుతో వేరే మనిషిలా ఉన్నాడు, చెవులు ఇంత పెద్దవని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. మామిడితోట దాకా దాచి ఉంచిన మాట ఇక్కడే నోటికి వచ్చేసింది.

"నన్ను పుణె పొమ్మంటున్నరు ఆఫీసుల. సోమవారం చెప్పాలె."

అతను తలెత్తాడు. నుదుటి మీదికి గంధం కారుతోంది. "నీ ఇష్టం" అంటాడేమోనని ఆమె అతని నోటి వైపే చూసింది.

"పోదామనుకున్నవా?"

"నిన్నటి దాక పోదామనే అనుకున్న."

"ఒక్కదానివే?"

ఆమె తలాడించింది. రాఘవేందర్‌కు కోపం వచ్చింది, నిజంగా వచ్చింది, అతని దవడలు బిగుసుకోవడం ఆమెకు కనిపించింది. "ఇంత పెద్ద మాట నాకు చెప్పకుంట ఎట్ల ఉన్నవే?" అని అరిచాడు. క్లాసులో మైకు లేనప్పుడు అరిచే గొంతు అది. డ్రైవర్ ఉలిక్కిపడి అద్దంలోంచి చూశాడు.

"యాడ చెప్పాలె? తలుపవతల అత్తమ్మ ఉంటది గదా!" అని ఆమె కూడా అరిచింది.

అరిచాక ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆగని నవ్వు, కళ్లలో నీళ్లు తిరిగే నవ్వు. తర్వాత రాఘవేందర్ గంధం అంటిన ఆమె చెయ్యి పట్టుకుని, "పుణె సంగతి మొదట్నుంచి చెప్పు" అన్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మెహదీపట్నం దాటినా ఇంకా చెబుతూనే ఉంది.