ఓడినవాళ్ళతో రెండు మాటలు

పొద్దున్నే చదరంగం క్లబ్బు గ్రూపులో బావ పెట్టిన మెసేజ్ చూసి మందుల షాపామెకు ఒళ్ళు మండింది. బావ అంటే ఆమె సొంత అక్క మొగుడు, క్లబ్బుకు సెక్రటరీ. ఇంకో క్లబ్బుతో పోటీకి జట్టులో ఒక్క సీటు మిగిలింది. అది ఎవరిదో ఆ సాయంత్రం ఆన్‌లైన్‌లో తేలాలి. పోయినేడు జ్వరమొచ్చి దాన్ని వదులుకున్నప్పటి నుంచీ ఆమె కళ్ళన్నీ ఆ సీటు మీదే.

ఎప్పుడూ రౌండ్ల పద్ధతి ఉండేది. అందరికీ సమానంగా ఆటలు, రౌండుకూ రౌండుకూ మధ్య కాస్త విరామం. ఈసారి అరీనా అన్నాడు బావ. గంటన్నర సేపు, ఒక ఆట ముగియగానే బటన్ నొక్కడమే, ఇంకొకరు తగులుతారు. ఎన్ని గెలిస్తే అన్ని పాయింట్లు, ఓడితే పోయేదేమీ లేదు. ముందు ఎవరినీ అడిగిందీ లేదు, చెప్పిందీ లేదు. జనానికి హుషారు కావాలట! డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషికి బ్రేకుల్లేని బండి మీద ఇంత మోజేమిటో.

ఆ విరామంలోనే ఉంది క్లబ్బు ప్రాణం. గెలిచినవాళ్ళు వెంటనే లేచిపోకూడదు, ఓడినవాళ్ళకు ఎక్కడ తప్పిందో రెండు మాటలు చెప్పాలి. లైబ్రరీ వెనక గదిలో బల్లల మీద ఆడిన రోజుల్లో మొదలైన అలవాటది. ఫోన్లలోకి వచ్చాక టైపు చేసి చెప్పుకునేవారు. బావకు ఆట వచ్చిందే అలా, మరదలి చేతిలో ఓడి ఓడి.

సాయంత్రం షాపు మూసి, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని ఆడింది. ఆడినవన్నీ గెలిచింది. గెలిచిన ప్రతిసారీ ఆగి చెప్పింది. టైము పోతోందని తెలుసు, అయినా అడిగినవాళ్ళను వదిలి లేవడం ఆమెకు చేతకాలేదు. మధ్యలో బావ కూడా తగిలి ఓడాడు. గుర్రం ఎందుకు ఇరుక్కుందని అడిగాడు. చెబితే, మరి బంటు జరిపి ఉంటేనో అన్నాడు. దానికీ చెప్పింది. ఈలోగా అందరూ మెరుపు అని పిలిచే కొరియర్ కుర్రాడు, ఓడినా గెలిచినా మాట్లాడకుండా బటన్ నొక్కుతూ ఆమెకు రెట్టింపు ఆటలు ఆడేశాడు. ఆమె చేతిలోనూ ఓడాడు. పాయింట్లు ఎక్కువై సీటు మాత్రం అతనికే వచ్చింది.

వెంటనే బావకు ఫోన్ చేసి కడిగేసింది. ఆయన నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికెవతో."

"ఆడాను బావా. ఒక్కటీ ఓడలేదు. మద్దెలే మార్చేశారు మీరు."

రూలు అందరికీ ఒకటే కదా అన్నాడాయన. ఆట అవగానే బటన్ నొక్కకుండా కబుర్లు చెబుతూ ఎవరు కూర్చోమన్నారని కూడా అన్నాడు.

"మీరే," అంది. "గుర్రం సంగతి అడిగింది మీరు కాదూ?"

ఫలితం ప్రకటించేశాం, ఇప్పుడు మారిస్తే బాగుండదు, వచ్చే ఏడు చూద్దామని గొణిగాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. కోపంలో షట్టరుకు తాళం కూడా సరిగ్గా పడలేదు.

తర్వాతి వారం ప్రాక్టీసు కూడా అరీనాయే. బావ మళ్ళీ ఆమెకే తగిలాడు, మళ్ళీ ఓడాడు.

"ఎక్కడ తప్పానమ్మా?" అని మెసేజ్ వచ్చింది.

వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఏనుగును తొందరపడి కదపడం దగ్గర మొదలుపెట్టి మొత్తం టైపు చేసింది. పంపబోతూ ఆగింది. పక్కన గడియారం నడుస్తోంది. రాసిందంతా చెరిపేసి, ఇన్నేళ్ళలో మొదటిసారి, తర్వాతి ఆట బటన్ నొక్కింది.