గొడ్ల ఆసుపత్రికి వెళ్లిన పిల్లి

సింహాచలమ్మ నోరంటే, అంటే నా నోరంటే, భిలాయిలో మా సెక్టరంతా జడుస్తుంది. పక్క క్వార్టరు జోగమ్మ ఒక్కతే జడవదు. అందుకే ఆవిడంటే నాకు ప్రాణం.

ఆవిడ పిల్లి పేరు బొగ్గు. దాని చెవి వెనక వెంట్రుకలు రాలి, గుండ్రంగా బోడి పడింది. చుట్టూ పొట్టు లేచింది. అది గోక్కుంటూ ఉంటే, డ్యూటీ దిగి వచ్చిన జోగమ్మ మొగుడు గురుమూర్తి చూశాడు.

“ఒలే, దీనికి గజ్జి అట్టుకుంది. మనకీ అంటుకుంటాది. రేపు సాయంత్రం గోనెలో ఏసి ఏటి అవతల ఒదిలేస్తాను,” అన్నాడు.

జోగమ్మ ముఖం వాడిపోయింది. మా ఆయన పోలయ్య ఊరుకుంటాడా? మా ఊళ్లో గేదెలకు గజ్జి పడితే బండి కందెన రాస్తారు. ఇక్కడ ఎడ్లబండి ఎక్కడిది? సుపేలా బజారులో లారీ మెకానిక్కు దగ్గర కాలిన ఇంజనాయిలు సీసాతో పట్టుకొచ్చాడు.

“రాసీ సెల్లీ, బేగి తగ్గిపోద్ది.”

జోగమ్మ సీసా మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది. “పిల్లి పొద్దస్తమానం ఒళ్లు నాక్కుంటాది అన్నా. రాసిందంతా దాని కడుపులోకే గదా!”

ఓలమ్మో, అంత మాట మాలో ఒక్కరికైనా తోచిందా!

మర్నాడు పొద్దున్నే బొగ్గును కూరగాయల బుట్టలో పెట్టి, పైన పాత చీర కట్టి, దుర్గ్ బస్సెక్కింది. నేనూ వెళ్లాను. పశువుల ఆసుపత్రి నిండా ఎడ్లూ ఆవులూ. బుట్టలోంచి మ్యావ్ అనేసరికి అందరూ ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. జోగమ్మ మాత్రం “జాన్ తో ఇస్‌మే భీ హై, భయ్యా,” దీనిలోనూ ప్రాణముంది కదా అని, వరసలో నిలబడింది. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది.

డాక్టరు నవ్వలేదు. పిల్లిని వెలుతురులోకి తిప్పి చూసి, తామర అన్నాడు. ఏమైనా రాశారా అని అడిగాడు. లేదని జోగమ్మ చెప్తే, మంచి పని చేశారు, ఏ ఇంజనాయిలో రాసుంటే ఇది ఒళ్లు నాకి ప్రాణం మీదికి తెచ్చుకునేది అన్నాడు. పూత మందిచ్చాడు. నాకకుండా మెడకు అట్ట కట్టమన్నాడు, పడుకునే గుడ్డలు ఉడకబెట్టమన్నాడు. ఇది మనుషులకూ అంటుతుంది, ఇంట్లో ఎవరికైనా ఉందేమో చూడండి అని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి గురుమూర్తి వాకిట్లో గోనె దులుపుతున్నాడు. దులుపుతూ నడుం గోక్కుంటున్నాడు.

జోగమ్మ బుట్ట దించింది. “మావా, ఆ బనీను ఎత్తు.”

“ఏటికే?”

“ఎత్తమన్నానా!”

బెల్టు కింద ఎర్రగా, గుండ్రంగా మచ్చ. ఎన్నాళ్ల నుంచి దాచుకున్నాడో మహానుభావుడు!

“పిల్లి వల్లే...” అని గొణిగాడు.

“ఎవులి వల్ల ఎవులికొచ్చిందో నాకెరిక నేదు. ఇద్దరికీ రోగం ఒకటే. ఆ గోనె ఇలా ఇయ్యి. ముందు ఎవుల్ని ఎయ్యమంటావు?”

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. గురుమూర్తి మాత్రం నవ్వలేదు. గోనె ఆవిడ చేతిలో పెట్టి, బొగ్గు వైపు ఒకసారి చూసి, తలొంచుకున్నాడు. మర్నాడు వెళ్లి మనుషుల ఆసుపత్రి వరసలో నిలబడ్డాడు.

గోనె మిగతా గుడ్డలతో పాటు ఉడికి ఎండలో ఆరింది. ఇప్పుడు దాని మీద బొగ్గు పడుకుంటుంది.