పడవకి పసుపు రాసే చేతులు

ఆ వారమంతా ఈశ్వరికి ఒకటే బెంగ. తమ్ముడు కోటి కొత్త పడవ చేయించుకున్నాడు. జాలారిపేటలో వాళ్ళ ఇళ్ళలో కొత్త పడవ సముద్రంలోకి దిగాలంటే ముందు ఇంటి ఆడపడుచు దానికి పసుపు రాయాలి. ఆ ఆడపడుచు చేతులేమో మోచేతుల దాకా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు.

చేపలమ్మే మనిషి కదా, పొలుసు కనబడితే ఊరుకుంటుందా! చేపని తోమినట్టే కల్లుప్పు వేసి, కొబ్బరి పీచుతో తన చేతుల్నీ తోమేది. తోమేకొద్దీ మచ్చలు పెరిగేవి. పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా తోమేది. అంత మొండిది.

"ఏటప్పా, రానన్నావంట? నువ్వు సెయ్యెయ్యకపోతే నా పడవ ఇసకలోనే ఉంటాది" అని కోటి వచ్చి గోల పెట్టాడు.

"ఇది మీ ఇంటిల్లిపాదికీ అంటుకుంటే నాను బతకగలనేట్రా?" అని ఈశ్వరి ఏడ్చేసింది. కోటి ఇంకేమీ వినకుండా ఆమెని బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

చర్మం డాక్టరు ఇంద్రజ ఆ చేతుల్ని తొడుగుల్లేకుండానే పట్టుకుని చూసింది. "ఇది సోరియాసిస్. అంటుకోదమ్మా. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. బయటి క్రిములొస్తే తరమడం వాటి పని. నీ ఒంట్లో అవి పొరబడి నీ చర్మం మీదే పడుతున్నాయి. ఆ గొడవకి చర్మం గబగబా పెరిగిపోయి పొలుసులు కడుతోంది."

"అంటే నా ఇంటి కుక్క నన్నే కరుత్తందా?"

డాక్టరు పకపకా నవ్వింది. "అంతే. నువ్వు ఉప్పేసి తోమితే దెబ్బ తగిలిందని అవి ఇంకా ఎగబడతాయి. తోమడం మానెయ్. ఈ మందు రాయి. పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది."

పడవ దించే రోజుకి మచ్చలు కాస్త చల్లబడ్డాయి గానీ పోలేదు. ఒడ్డున పేటంతా చేరింది. మరదలు రాధ పసుపు గిన్నె పట్టుకుని నిలబడింది. ఈశ్వరి చేతులు కొంగులో దాచుకోలేదు. దాచుకోవాలని మాత్రం చాలా అనిపించింది.

"ఇది అంటుకునేది కాదు రాధా. డాక్టరమ్మ సెప్పింది. అయినా నీకు బయ్యమైతే సెప్పు, ఎల్లిపోతాను" అంది.

రాధ ఒక్క క్షణం ఆ చేతుల వంక చూసింది. గిన్నె ఈశ్వరి చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, పాదం ముందుకు చాపింది.

"ముందు నా కాళ్ళకి రాయి వొదినా. పడవ సంగతి తరవాత సూద్దారి."

ఈశ్వరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. రాసింది, రాసింది, పసుపు చీలమండలు దాటి పిక్కల దాకా పోయింది.

"కూసింత పడవక్కూడా ఉంచండర్రా!" అని కోటి నెత్తి బాదుకున్నాడు.