రెండు నిమిషాల ముప్పై తొమ్మిది

షిగెమత్సు గారు మొండిఘటం. చూపు తగ్గి, డెబ్బై తొమ్మిదో ఏట లైసెన్సు తిరిగిచ్చేశారు గానీ తన పాత రేసు కారు స్కైలైన్ మీద పట్టు మాత్రం వదల్లేదు. 1971లో ఇదే సుజుకా సర్క్యూట్‌ని ఆ కారులో రెండు నిమిషాల ముప్పై తొమ్మిది సెకన్లలో చుట్టొచ్చారు. ముప్పై ఏళ్లుగా దాని మెకానిక్‌ని నేను.

"ఇవాళ ఆ టైము కొట్టావా, కారు నీది. లేదా, మ్యూజియానిది" అన్నారు.

మ్యూజియంలో ఇంజిన్‌ని ఎవరూ తిప్పరు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోయింది.

"వేగానికి అడ్డంపడే ఆ చివరి వంకర మలుపు మీ రోజుల్లో లేదు గురువుగారూ!"

"నీకున్న పొట్ట కూడా నాకు లేదులే, తోమొఎ."

ఆ ఇంజిన్‌ని వేడి చేయడానికి ఒక రకం స్పార్క్ ప్లగ్గులు, రేసుకి ఇంకో రకం. ట్రాక్ ఎక్కేముందు ఆరూ మార్చాలి. వేడి చేసేది ఒక్కటి మిగిలినా పూర్తి వేగంలో అది ఎర్రగా కాలి పిస్టన్‌కి చిల్లు పెడుతుంది. నేను మారుస్తుంటే మ్యూజియం మనిషి కానేదా టేపు పట్టుకుని కారు కొలవడం మొదలుపెట్టాడు, మ్యూజియంలో దాన్ని నిలబెట్టే అరుగు ఎంత పొడవు కట్టించాలో చూసుకోవాలట. వాణ్ని నాలుగు దులిపి వచ్చి బానెట్ మూసేశాను.

ట్రాక్ మీద మాకిచ్చింది ఇరవై నిమిషాలు. మొదటి చుట్టు నెమ్మదిగా వెళ్తున్నాను. మలుపులో సీటు బెల్టు కింద, ఛాతీ జేబులో ఏదో పక్కటెముకకి గుచ్చుకుంది. రేసు ప్లగ్గు! ఆరింటిలో ఒకటి ఇక్కడే ఉండిపోయింది.

తొక్కేద్దామనే అనుకున్నాను. ఒక్క చుట్టుకి ఏమీ కాకపోవచ్చు. అయితే? పిస్టన్ పోతే నాకు మిగిలేదేమిటి? తిట్టుకుంటూ వెనక్కి తెచ్చాను.

"ఆరో ప్లగ్గు మార్చడం మరిచిపోయాను. తప్పు నాదే" అన్నాను.

పెద్దాయన బానెట్ ఎత్తారు. కాలుతున్న ఇంజిన్‌లోకి చేయి పెట్టి, తడుముకుంటూ ఆరో ప్లగ్గు ఊడదీశారు. ఆయన వేళ్లు బొబ్బలెక్కాయి. నేను జేబులోది బిగించాను. ఆరు నిమిషాలు మిగిలాయి. నెమ్మదిగా వెళ్లే మొదటి చుట్టు పోతే ఒక్కటే అసలు చుట్టు.

ప్రతి మలుపులోనూ పళ్లు బిగించి తొక్కాను. గేరు రాడ్డు పట్టిన అరచేయి ఒరుసుకుపోయింది. ఆ వంకర మలుపు దగ్గర వెనక చక్రాలు జారాయి, సర్దుకున్నాను.

రెండు నిమిషాల నలభై. ఒక్క సెకను ఎక్కువైంది. దిగి, హెల్మెట్ తీయకుండానే ఏడ్చాను.

కానేదా కాగితాలు తీశాడు. షిగెమత్సు గారు చేత్తో వాటిని పక్కకి తోశారు.

"1971లో ఆ రోజు ఆరో సిలిండర్ చప్పుడు మారింది. విన్నాను. ఆగలేదు. టైము వచ్చింది, ఇంజిన్ చచ్చిపోయింది. ఇది దాని తర్వాత వేసిన ఇంజిన్. ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఆగావు, కారు తీసుకో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"సిగ్గేసింది" అన్నారు, తల వంచి.

కాసేపటికి నా కోపం దిగింది. కానేదాని వెళ్లిపొమ్మన్నాను. మధ్యాహ్నం రెండింటికి ట్రాక్ ఇంకో ఇరవై నిమిషాలు ఖాళీ ఉందంటే పేరు రాయించాను.

"కారు ఇచ్చేశాను కదే, ఇంకా ఎందుకు?" అన్నారాయన.

"ఆ ముప్పై తొమ్మిది నాక్కావాలి. ఇంజిన్ కాల్చకుండా."