ఏడో టోపీ ఎవరిది?

“డాయన్ అంటే ఏమిటో మీలో ఎవరికి తెలుసు? చెయ్యెత్తి చెప్పండి.”

కస్తూరమ్మ టీచరు ఈ ప్రశ్న వేసేసరికి మనవలిద్దరూ బడి యూనిఫాంలోనే వరండాలో చాప మీద కూర్చుని మరమరాలు తింటున్నారు. ఉన్నది ఇద్దరే అయినా చెయ్యెత్తాల్సిందే. బడి నుంచి రిటైరై చాలా ఏళ్ళయినా ఆ ఇంట్లో కాఫీ కావాలన్నా చెయ్యెత్తాలి.

చిన్నవాడు మోహిత్ నోటి నిండా మరమరాలతోనే ఎత్తాడు. “చుడైల్, నానమ్మా! ఝాడూ... అదే, చీపురు మీద ఎగురుతుంది.”

“గలత్,” అంది ఎనిమిదో తరగతి చదివే తనుశ్రీ. “అది విచ్. మా సీరియల్లో ఉన్నవాళ్ళు విచ్‌లు. వాళ్ళు మంచోళ్ళు.”

“సరే, ఆ సీరియల్ సంగతే చెప్పు. మొదటి నుంచీ చెప్పు,” అన్నారు కస్తూరమ్మ. పొద్దున్న పాలకి వెళ్ళినప్పుడు బిర్సానగర్ బజార్లో విన్న మాటకి ఆవిడ కడుపు మండిపోతోంది. అయినా గొంతు పెంచలేదు. పాఠం పూర్తిగా వినకుండా తప్పు దిద్దడం ఆవిడకి అలవాటు లేదు.

తనుశ్రీ ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. సీరియల్ పేరు ‘సాత్ టోపియాఁ’, అంటే ఏడు టోపీలు. కొండ మీద ఒక బడి. అందులో ఆరుగురు ఆడపిల్లలు మంత్రాలు నేర్చుకుంటారు. ఆరుగురికీ ఆరు టోపీలు. గోడకి ఏడో టోపీ వేలాడుతూ ఉంటుంది. అది ఎవరిదో ఇంతవరకూ చూపించలేదు. దేశం మొత్తం మీద పిల్లలు దాని గురించి కొట్టుకుంటున్నారు. హెడ్‌మిస్ట్రెస్‌దని కొందరు, పిల్లిదని కొందరు, చచ్చిపోయిన పిల్లదని ఇంకొందరు.

“అవన్నీ బక్‌వాస్. నా థియరీయే రైట్. ఏడో విచ్ ఆ బడిలోనే లేదు. బయట మామూలు మనిషిలా బతుకుతోంది. ఎవరికీ చెప్పకుండా మంచి పనులు చేస్తుంది. ప్రతి ఎపిసోడ్లో కిటికీ మీద బూడిద రంగు పిచ్చుక వాలుతుంది కదా, దాన్ని పంపేది ఆవిడే. అచ్చం మన అసిరమ్మమ్మలా.”

“అందుకని ఆవిడ వీడియో తీశావు.”

“మోహిత్‌కి దిష్టి తీసినప్పుడు తీశాను. ‘ఏడో టోపీ మా గలీలో ఉంది’ అని పెట్టాను. వేలమంది చూశారు నానమ్మా! అందరూ హార్ట్‌లు పెట్టారు.”

ఇక్కడ కాస్త ఆగి అసిరమ్మ గురించి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి మొగుడి వెంట ఈ జార్ఖండ్ ఊరికి వచ్చింది. అతను పోయాక కాంట్రాక్టు కూలీలకి క్యారేజీలు వండి పంపుతూ నీలకంఠం ఇంటి వెనక గదిలో అద్దెకి ఉంటోంది. బిర్సానగర్‌లో మన తెలుగువాళ్ళ పిల్లలకి ఒళ్ళు వెచ్చబడితే ముందు పారాసెటమాల్, తరవాత అసిరమ్మ. రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, బిడ్డ చుట్టూ తిప్పి కుంపట్లో వేస్తుంది. మిరపకాయలు చిటపటమంటాయి. పొగలోంచి బూడిద రంగు పిచ్చుక ఒకటి లేచి, ఎవరి చూపు తగిలిందో వాళ్ళ భుజం మీద వాలుతుంది. “నా చూపే తల్లీ,” అని వాళ్ళు పైకి అనాలి. అనగానే పిచ్చుక చిటికెడు బూడిదై రాలిపోతుంది. దులుపుకుని ఎవరి పనిలోకి వాళ్ళు పోతారు. ఒకసారి అది షిఫ్టు బస్సు వెంట ఎగురుతూ టెల్కో ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి, డ్యూటీకి పోతున్న సీతారామరావు భుజం మీద వాలింది. ఆయన ఆ సాయంత్రం జిలేబీ పొట్లం తెచ్చి దిష్టి తగిలిన పిల్ల చేతిలో పెట్టాడు. అంతే, కథ అయిపోయింది.

పిచ్చుక వాలిందని ఎవరూ సిగ్గుపడరు. ముద్దొచ్చి చూసినా దిష్టి తగులుతుంది. అందుకే అది ఎక్కువసార్లు కన్నతల్లి భుజం మీదే వాలేది.

“ఇప్పుడు నేను చెప్పేది వినండి,” అన్నారు కస్తూరమ్మ. “నువ్వు ప్రేమగానే పెట్టావు. నీ వీడియోని ఎవరో కత్తిరించి, హార్ట్‌లు తీసేసి, డాయన్, అంటే చేతబడి చేసేదని రాసి ఈ గలీ గ్రూపులో వేశారు. నీలకంఠం మనవడికి జ్వరమొచ్చింది. పోయిన వారం వాడికి దిష్టి తీసింది అసిరమ్మే. రెండూ కలిపేశారు. ఈ సాయంత్రంలోగా ఆవిణ్ణి గది ఖాళీ చెయ్యమన్నారు.”

తనుశ్రీ మరమరాలు పక్కకి నెట్టింది. “కానీ నానమ్మా, విచ్ అంటే... హీరోయిన్ కదా.”

“టీవీలో హీరోయినే. టోపీ పెట్టుకుని పాటలు పాడుతుంది. మన జార్ఖండ్‌లో ఆ మాట పడ్డ ఆడదాని జుట్టు కత్తిరిస్తారు. ఊళ్ళోంచి తరుముతారు. చంపేసిన ఊళ్ళూ ఉన్నాయి. ఆ మాట అనడమే నేరమని చట్టం ఉంది. చట్టం పుస్తకంలో ఉంది, మాట నోట్లో ఉంది. చెప్పులేసుకోండి, వెళ్దాం.”

నీలకంఠం ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. గిన్నెలు, చాప, కుంపటి ఎక్కించేశారు. గలీ జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అసిరమ్మ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

“ఫోన్లు దించండి!” అన్నారు కస్తూరమ్మ. సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. చేతులు వాటంతట అవే దిగాయి.

“టీచరుగారూ, మీరు మద్దిలోకి రాకండి,” అన్నాడు నీలకంఠం. “మా బుల్లోడు ఆసుపత్రిలో ఉన్నాడు. గలీ అంతా అంటన్నారు. నానేటి సేత్తాను?”

“ఏమంటున్నారు?”

“అదే...”

“అదే అంటే? సగం వాక్యానికి నేను మార్కులు వెయ్యను.”

“డాయనని.”

“పిల్లాడికి ఏ జ్వరమన్నారు డాక్టర్లు?”

“డెంగీ అట.”

“డెంగీ దేనివల్ల వస్తుంది? రజనీ, నువ్వు చెప్పు. నీకు ఏడో తరగతిలో చెప్పాను.”

ఆసుపత్రి నుంచి అన్నానికి వచ్చిన నీలకంఠం కోడలు రజని తల దించుకుంది. “దోమ వల్లండి.”

“మరి దోమనొదిలేసి మనిషిని ఖాళీ చేయిస్తున్నారేం? మేడ మీద ఆ టాంకీకి మూత ఎన్నాళ్ళ నుంచి లేదు, నీలకంఠం? నీ పెళ్ళికి దిష్టి తీసిన చెయ్యి ఇది. ‘అప్పా, అప్పా’ అని సొంత అక్కలా పిలుస్తూ దీని చేతి అంబలి తాగి డ్యూటీకి పోయావు. ఇన్నేళ్ళూ పిచ్చుక పిచ్చుకే. టీవీలో ఒక పిచ్చుక కనిపించేసరికి మనిషి పిశాచమైపోయిందా? బుద్ధుండాలి!”

ఆటోలోంచి సామాను దించడానికి మాత్రం ఎవరూ కదల్లేదు. వెనకనుంచి ఎవరో, “క్యా పతా మేడమ్, ధువాఁ హై తో...” అని గొణిగారు, నిప్పు లేందే పొగ రాదన్నట్టు.

“పోనీ టీచరమ్మా,” అంది అసిరమ్మ. “పొమ్మంటే పోతాను.”

“ఎక్కడికి పోతావు?”

“సిద్ధగోరాలో మా సెల్లెలి కూతురుంది. దానికీ ఆ వీడియో ఎల్లిపోనాదట. రావొద్దని ఇందాకే ఫోన్ సేసింది.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆటో ఎటు పోతే అటే.”

తనుశ్రీ నానమ్మ వెనకనుంచి ముందుకొచ్చింది. “అసిరమ్మమ్మా, ఆప్ కీ దిష్టి ఎవరు తీస్తారు?”

“నాకెవులు తీత్తారే గుంటా? తీసే సెయ్యి తనకి తాను తీసుకోకూడదు.”

“ఎవ్వరూ తియ్యలేదా? కభీ నహీఁ?”

అసిరమ్మ ఆటోలోని కుంపటి వైపు చూసింది. గలీలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతి ఇంటి గుమ్మంలోనూ నిలబడి చెయ్యి తిప్పిన మనిషి. ఈవిడకి కూడా చూపు తగులుతుందని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

తనుశ్రీ ఆటో ఎక్కి కుంపటి దించింది. సంచీలు వెతికి ఉప్పు, మిరపకాయలు తెచ్చింది. కస్తూరమ్మే వంగి బొగ్గులు రాజేశారు. ఆ పిల్ల తన వీడియోని ఎన్నిసార్లు చూసుకుందో ఏమో, అసిరమ్మ చెయ్యి ఎలా తిరిగేదో అచ్చం అలాగే తిప్పింది. తల దగ్గర ఆగడం, పాదాల దగ్గర విదిలించడం, ఏదీ తప్పలేదు. గుప్పిట నిప్పుల్లో వేసింది.

మొదటి పిచ్చుక లేచి తిన్నగా తనుశ్రీ భుజం మీదే వాలింది.

“నా చూపే,” అంది తనుశ్రీ. ఏడుస్తోంది. “నాకు చాలా నచ్చి చూశాను.”

యూనిఫాం మీద చిటికెడు బూడిద రాలింది.

మామూలుగా ఒక్కటే లేస్తుంది. ఆ రోజు ఆగలేదు. రెండోది రజని మీద వాలింది. మూడోది, నాలుగోది, ఆ తరవాత లెక్క లేదు. కుంపట్లోంచి మంద లేచి కప్పుల మీదుగా సిద్ధగోరా వైపు, టెల్కో కాలనీ వైపు, స్టేషన్ వైపు, ఆ పైన ఎవరెవరు ఆ వీడియో చూశారో ఆ ఊళ్ళన్నిటికీ ఎగిరిపోయింది. కాసేపు గలీ మీద మబ్బు పట్టినట్టయింది. ఫోన్లు మోగడం మొదలయ్యాయి. “ఏమే, నా భుజం మీద పిచ్చుక వాలింది, ఎవరికి దిష్టి తీస్తున్నారక్కడ?” అని రాంచీ నుంచి ఒకరు, ఖరగ్‌పూర్ నుంచి ఒకరు.

“నా చూపేనండి,” అంది రజని. “నా చూపే,” “మేరీ నజర్,” “నాదే తల్లీ,” అని గలీ పొడుగునా వినబడింది. చొక్కాలు, చీరలు దులుపుకున్నారు. ధువాఁ అన్న గొంతు కూడా అంది.

నీలకంఠం అనలేదు. అతని రెండు భుజాల మీదా, నెత్తి మీదా పిచ్చుకలు బారులు తీరి కూర్చున్నాయి. విదిలించుకున్నాడు. కదల్లేదు. లోపలికి పోబోతే గుమ్మంలో రజని అడ్డంగా నిలబడింది.

“వాటితో ఇంట్లోకి రాకండి మావయ్యా. రేపు బిడ్డ ఇంటికొత్తాడు.”

నీలకంఠం వెనక్కి తిరిగి అసిరమ్మ ముందుకొచ్చాడు. “అప్పా,” అన్నాడు చివరికి. “నా చూపే. గ్రూపులో ఆ మాట ముందు రాసింది నానే.”

బూడిద ధారగా రాలింది. మనిషి తెల్లగా అయిపోయాడు.

అసిరమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. “రాసిన సేత్తోనే సామాను దింపు,” అంది. “సూత్తన్నావేటి? ముందు గిన్నెలు. మూకుడు సొట్టపోతే నీదే పూచీ.”

ఆటోవాడికి నవ్వొచ్చింది. నీలకంఠం గిన్నెల మూట ఎత్తుకున్నాడు.

మోహిత్ నానమ్మ కొంగు లాగాడు. “అయితే నానమ్మా, అసిరమ్మమ్మ విచ్ కాదా?”

“దిష్టి తీసే అసిరమ్మరా. ఆవిడకో పేరుంది. ఆ పేరు చాలు.”

కస్తూరమ్మ కోపం మాత్రం ఇంకా దిగలేదు. నడుం మీద చేతులేసుకుని గలీ వైపు తిరిగారు. “పిచ్చుక బూడిదైపోయిందని సంబరపడకండి. ఆ మాట ఇంకా మీ ఫోన్లలో ఉంది. ఒక్కొక్కరూ నా ముందు తీసెయ్యండి. తీసేశాక చెయ్యెత్తండి. రజనీ, ఎత్తనివాళ్ళ పేర్లు నాకు చెప్పు.”

చేతులు ఒక్కొక్కటే లేవడం మొదలైంది.

“టీచరమ్మా!” లోపలినుంచి అసిరమ్మ కేకేసింది. “బియ్యం డబ్బా ఆటోలోనే ఉండిపోనాది. ఈడికి ఒక్కడికీ లెగట్లేదు.”

“వస్తున్నానుండు,” అని కస్తూరమ్మ కొంగు బొడ్లో దోపుకుని, డబ్బాకి రెండో వైపు పట్టడానికి ఆటో దగ్గరికి నడిచారు.